లెక్కలోకి వచ్చిన బిడ్డలు

మా అవ్వను ఎవరైనా "మీకు మనవలు ఎంతమంది?" అని అడిగితే "ఆరుమంది" అనేది. మేము ఐదుగురమే. 1971లో జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన మాస్టరు గుడియాత్తంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, మమ్మల్ని వరుసగా నిలబెట్టి, పేర్లు రాసుకుని, "ఐదుగురు" అన్నాడు. "ఆరుమంది సామీ" అంది అవ్వ. "ఆరోవాడు ఎక్కడ తల్లీ?" అని ఆయన అడిగాడు. అవ్వ జవాబు చెప్పకుండా లోపలికి పోయి ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన కాగితంలో ఐదు అనే ఉంది.

ఆ ఆరోవాడు నా తమ్ముడు. 1966లో, ఎనిమిదో నెలలోనే పుట్టి, రెండు రాత్రులు బతికాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు. నాకు గుర్తున్నది చాలా తక్కువ. పురిటి గదిలో కుంపటి వెలుగు, దూదిలో చుట్టిన చిన్న మూట, మూసిన తలుపు. పిల్లి పిల్ల మూలిగినట్టు ఒక సన్నని శబ్దం. మూడో రోజు పొద్దున ఆ శబ్దం లేదు. పదకొండో రోజు పేరు పెట్టడం మా ఇంటి ఆచారం. వాడికి పేరు లేదు. మా నాయన మునిసిపాలిటీకి పోయి పుట్టుక రాయించలేదు, చావూ రాయించలేదు. ఇరుగుపొరుగు వాళ్ళందరూ ఒకే మాట అన్నారు: "ఏడో నెల బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు." ఆ మాటతో అందరూ సమాధానపడ్డారు, అవ్వ తప్ప.

2018 కార్తీక మాసంలో మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ముప్పైరెండో వారంలోనే నొప్పులు మొదలై, రాయవేలూరు ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. బరువు 1,380 గ్రాములు. మళ్ళీ ఎనిమిదో నెలే. చూడవచ్చిన ఒక పెద్దావిడ మళ్ళీ అదే మాట అన్నది. ఐదు దశాబ్దాలు గడిచినా ఆ మాట మాత్రం చావలేదు. ముప్పైఆరు రోజులు నేను గుడియాత్తం నుంచి కె.వి.కుప్పం, లత్తేరి, కాట్పాడి మీదుగా పాలారు వంతెన దాటి రాయవేలూరుకు బస్సులో తిరిగాను. ఈ దారికి ఉన్న చరిత్రను ఆ రోజుల్లోనే చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. మన ఇళ్ళలో పుట్టిన పసికందులు లెక్కలోకి ఎప్పుడు వచ్చారు? వాళ్ళను లెక్కపెట్టాలని మొదట ఎవరికి తోచింది?

వేలూరు వైద్యచరిత్ర చెప్పేవాళ్ళందరూ తిండివనంలో ఒక రాత్రితో మొదలుపెడతారు. ఐడా సోఫియా స్కడ్డర్ 1870లో మన రాణిపేటలోనే పుట్టింది. అమెరికా నుంచి వచ్చి ఇక్కడ వైద్యం చేసిన మిషనరీల కుటుంబం వాళ్ళది. 1890లలో తిండివనంలో తల్లిదండ్రుల దగ్గర ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తమ భార్యలు ప్రసవవేదనతో ఉన్నారు, వచ్చి కాపాడమని ఆమెను అడిగారు. వాళ్ళలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం. ఐడాకు అప్పటికి వైద్యం రాదు. ఆమె తండ్రి డాక్టరే గానీ మగవాడు. పరాయి మగవాణ్ణి పురిటి గదిలోకి రానివ్వడానికి ఆ ముగ్గురిలో ఎవరూ ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఇలాంటి చోటికి మళ్ళీ రానని అంతకు ముందు అనుకున్న ఆ అమ్మాయి, డాక్టరు చదువుకోవడానికి అమెరికా వెళ్ళింది. 1899లో కోర్నెల్ వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని, 1900 జనవరిలో తిరిగివచ్చింది. వేలూరులో తండ్రి ఇంట్లోనే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో నలభై పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. 1909లో నర్సుల బడి, 1918లో ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల వచ్చాయి. ఈనాటి క్రైస్తవ వైద్య కళాశాలకు అదే మొదలు.

ఈ కథ నేను బడిలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. మనవరాలి కోసం వార్డు బయట కూర్చున్న రోజుల్లోగానీ నాకు ఒక సంగతి తట్టలేదు. ఆ రాత్రి చనిపోయిన తల్లులు ముగ్గురని అందరికీ తెలుసు. మరి ఆ ముగ్గురు బిడ్డలు ఏమయ్యారు? కడుపులోనే పోయారా, పుట్టి పోయారా, ఎవరైనా బతికారా? నేను చదివినంతలో ఏ పుస్తకమూ ఆ మాట ఎత్తలేదు. ఇది ఐడా తప్పు కాదు, పుస్తకాలు రాసినవాళ్ళ తప్పూ కాదు. ఆ కాలంలో కాన్పు అంటే తల్లి ప్రాణం. తల్లి దక్కితే చాలు, బిడ్డ మళ్ళీ కలుగుతుంది అనేవాళ్ళు. మన ఇళ్ళలోనూ అదే మాట, లండనులోనూ దాదాపు అదే మాట.

ఐడా వేలూరులోనే కూర్చోలేదు. వారానికొకసారి గుడియాత్తం వైపు వచ్చేది. 1909లో ఆమెకు ఒక ఫ్రెంచి మోటారు కారు వచ్చింది. ఆమె వస్తున్న సంగతి తెలిసి పల్లెజనం దారి పొడుగునా చెట్ల నీడన కాచుకుని ఉండేవాళ్ళు. కారు ఆపి అక్కడికక్కడే పుళ్ళు కడిగి, మందులిచ్చి, కదలలేని వాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయేది. వేలూరు వైద్యంలో ప్రసిద్ధికెక్కిన రోడ్డుపక్క వైద్యశాలలు అలా పుట్టాయి. అప్పటికి చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది. తర్వాత రాష్ట్రాలే వేరయ్యాయి. కానీ కాన్పుల దారి మారలేదు. కౌండిన్య నది పలమనేరు కొండల నుంచి గుడియాత్తానికి దిగివచ్చినట్టే, ఆ పక్క చూలింతలు ఈ పక్కకు దిగివస్తూనే ఉన్నారు.

ఆసుపత్రి దాకా రానివాళ్ళే ఎక్కువ. మా అమ్మ ఆరు కాన్పులూ ఇంట్లోనే జరిగాయి, మంత్రసాని చేతుల మీద. ఆ పురిటి గదిని ఇప్పుడు వెక్కిరించడం తేలిక. నేను వెక్కిరించను. నెలలు నిండని బిడ్డ ఒంట్లో కొవ్వు ఉండదు. చర్మం పలచన. ఒంటి వేడి నిమిషాల మీద జారిపోతుంది. ఒళ్ళు చల్లబడితే ఊపిరి తగ్గుతుంది, నెత్తురులో చక్కెర పడిపోతుంది. మన పెద్దలకు ఈ శాస్త్రం తెలియకపోయినా సంగతి తెలుసు. అందుకే కుంపటి, దూది, మూసిన తలుపు. చప్పరించలేని బిడ్డకు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పాలు పోయడమూ వాళ్ళకు తెలుసు.

అదే గదిలో ప్రాణం తీసే పనులూ జరిగేవి. బొడ్డు కోసిన కొడవలిని ఎవరూ మరిగే నీళ్ళలో వేయరు. కోసిన చోట బూడిదో, పేడో అద్దేవాళ్ళు. ధనుర్వాతం ఆ దారినే వచ్చేది. నాలుగైదు రోజులు బాగా పాలు తాగిన బిడ్డ దవడలు బిగిసి, విల్లులా వంగి, పది రోజుల్లోపు పోయేది. దాన్ని గాలి అన్నారు, దిష్టి అన్నారు. గర్భిణులకు టీకా వేయడం, శుభ్రమైన కత్తి, శుభ్రమైన దారం, ఈ మూడింటితో అది పోయింది. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని భారతదేశం అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. ఇంకొకటి ముర్రుపాలు. పసుపుపచ్చగా ఉన్నాయని, చెడ్డపాలని, మూడు రోజులు పిండి పారబోసేవాళ్ళు. బిడ్డకు చక్కెర నీళ్ళు పట్టేవాళ్ళు. రోగాన్ని ఆపే శక్తి అంతా ఆ పాలలోనే ఉంది. నా తమ్ముడికి ఆ రెండు రోజులూ పట్టింది చక్కెర నీళ్ళేనని మా అమ్మ ఈమధ్యే చెప్పింది. చెప్పి చాలాసేపు మాట్లాడలేదు.

మనమే వెనకబడ్డామా అంటే, పూర్తిగా అలా అనుకోవడానికి లేదు. ఫ్రాన్సులో స్తెఫాన్ తార్నియే అనే ప్రసూతి వైద్యుడు జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టెలను చూశాడట. 1880 ప్రాంతంలో అలాంటి పెట్టెలోనే, అడుగున వేడినీళ్ళు ఉంచి, నెలలు నిండని బిడ్డలను పెట్టించాడు. అమెరికాలో మార్టిన్ కూనీ అనే ఆయన 1903 నుంచి 1943 దాకా న్యూయార్కు దగ్గర కోనీ ఐలాండ్ తిరునాళ్ళలో ఈ పెట్టెలను బిడ్డలతో సహా ప్రదర్శనకు పెట్టాడు. ఆసుపత్రులు పట్టించుకోని బిడ్డలను ఆయన తీసుకుని, చూడవచ్చినవాళ్ళ దగ్గర టిక్కెట్టు డబ్బు వసూలు చేసి, తల్లిదండ్రుల దగ్గర పైసా పుచ్చుకోకుండా పెంచాడు. మన గంగజాతరలో రంగులరాట్నం పక్కన పురిటి బిడ్డలను పెట్టినట్టు ఊహించుకోండి. ఏవగింపు కలుగుతుంది. కానీ ఆ బిడ్డలు బతికారు.

ఇక ఊపిరితిత్తుల సంగతి. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలిసంచులు ముడుచుకుపోకుండా చూసే ఒక జిగురు పదార్థం తక్కువగా ఉంటుంది. ప్రతి ఊపిరికీ మూతపడిన సంచులను మళ్ళీ తెరవాలి. కొత్త బుడగను ఊదడం ఎంత కష్టమో అంత కష్టం, నిమిషానికి అరవైసార్లు. ఆ పదార్థం లేకపోవడమే ఈ జబ్బుకు కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే అమెరికా వైద్యురాలు కనిపెట్టింది. కారణం తెలిసినా మందు లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఐదున్నర వారాలు ముందుగా ఒక మగబిడ్డ పుట్టాడు. పాట్రిక్ అని పేరు పెట్టారు. బరువు రెండు కిలోల పైనే. ప్రపంచంలో అప్పటికి ఉన్న వైద్యమంతా ఆ బిడ్డ చుట్టూ చేరింది. రెండు రోజులు తిరగకుండానే పోయాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మొదట ఒక ఊరట కలిగింది. మూడేళ్ళ తర్వాత పుట్టిన నా తమ్ముడూ రెండు రాత్రులే బతికాడు. అమెరికా అధ్యక్షుడి బిడ్డకే దొరకని వైద్యం గుడియాత్తంలో ఒక నేతగాడి బిడ్డకు ఎలా దొరుకుతుంది అనుకున్నాను. తర్వాత ఆ ఊరట నిలవలేదు. పాట్రిక్ ఎందుకు పోయాడో ప్రపంచానికి తెలుసు. నా తమ్ముడు ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు. వాడికి ఊపిరితిత్తుల జబ్బే కావచ్చు. లేక వాడికి కావలసింది కాసిన్ని ముర్రుపాలు, అమ్మ ఒంటి వేడి మాత్రమే కావచ్చు. వాణ్ణి ఎవరూ తూచలేదు, ఎవరూ చూడలేదు, ఎవరూ రాసుకోలేదు.

తూచి రాసుకోవడం మన ప్రాంతంలో ఆ తర్వాత మూడేళ్ళకు మొదలైంది. 1969 నుంచి 1973 దాకా వైద్య కళాశాల పరిశోధకులు వేలూరు పట్టణంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఇల్లిల్లూ తిరిగి, ఇరవై వేలకు పైగా పెళ్ళైన ఆడవాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఎవరు నెల తప్పారో కనుక్కుని, కాన్పు దాకా వెంట ఉండి, పుట్టిన పదివేలకు పైగా బిడ్డల బరువు, పొడుగు కొలిచారు. ఇంట్లో పుట్టిన బిడ్డనూ వదలలేదు. జననమరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చినది కూడా ఆ 1969లోనే. అదే కాలంలో మా వీధిలో జనాభా లెక్కల మాస్టరు "ఐదు" అని రాసుకుపోయాడు. బతికి ఉన్నవాళ్ళను లెక్కించడం ఆయన పని. పుట్టిన ప్రతి ఒక్కరినీ, రెండు రాత్రులే ఉన్నా, లెక్కించడం వీళ్ళ పని. ఈ రెండు లెక్కలకు ఎంత తేడా ఉందో నాకు ఇప్పుడు తెలిసింది.

ఆ పదివేల మందిలో రెండువేల రెండువందల మందికి పైగా 1998–2002 మధ్య మళ్ళీ దొరికారు. అప్పటికి వాళ్ళు పెళ్ళిళ్ళై పిల్లలున్నవాళ్ళు. పసితనంలో బక్కగా ఉండి తర్వాత త్వరగా ఒళ్ళు చేసినవాళ్ళకు నడివయసు రాకముందే చక్కెర జబ్బు లక్షణాలు ఎక్కువగా కనబడ్డాయి. తొట్టెలో బిడ్డ బరువుకు, ముప్పై ఏళ్ళ తర్వాతి నెత్తురు పరీక్షకు సంబంధం ఉందని ప్రపంచానికి చెప్పినవాళ్ళలో మన వేలూరు బిడ్డలు కూడా ఉన్నారు.

లెక్క ఒక్కటే బిడ్డను బతికించదు. కానీ లెక్క తెలిస్తే మనిషిని ఎక్కడికి పంపాలో తెలుస్తుంది. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. కిలోన్నర లోపైతే మరీ తక్కువ. ఏ పల్లెలో ఇలాంటి బిడ్డలు ఎక్కువో తెలిసినప్పుడు, ఆ పల్లెలో తల్లికి రక్తహీనత ఉందా, కాన్పుకు కాన్పుకు ఎడం లేదా అని అడగవచ్చు. 1977లో వైద్య కళాశాల గుడియాత్తం దారిలోనే, కె.వి.కుప్పం దగ్గర గ్రామీణ ఆరోగ్య, సాంఘిక వ్యవహారాల కేంద్రాన్ని పెట్టింది. అందరూ దాన్ని రూసా అంటారు. కణియంబాడి వైపు పల్లెలకు చాడ్ అనే మరో విభాగం ఉంది. చదువుకున్న నర్సుతో పాటు పల్లె ఆడమనిషికే తర్ఫీదు ఇచ్చి, ఇంటింటికీ పంపి, చూలింతలను ముందే గుర్తించడం వీళ్ళ పద్ధతి. ఐడా కారు ఆపిన దారిలోనే ఈ పని జరిగింది. తేడా ఒక్కటే. అప్పుడు జబ్బు పడ్డవాళ్ళు డాక్టరు కోసం చెట్టు కింద కాచుకున్నారు. ఇప్పుడు జబ్బు పడకముందే ఒక మనిషి ఇంటికి వస్తుంది.

ఇక నేను చూసిన వార్డు. పసిబిడ్డల వార్డులోకి పోవాలంటే చెప్పులు వదిలి, మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. లోపల నా మనవరాలి తొట్టె మీద ఆమె పేరు లేదు. ఆమెకు ఇంకా పేరే లేదు గదా. అక్కడ వేలాడే అట్ట మీద తల్లి పేరు రాసి, ఆమె బిడ్డ అని ఉంది. కింద పుట్టిన గంట, బరువు. ప్రతి రోజూ బరువు. 1,380. 1,350. 1,310. 1,290. అంకె తగ్గుతుంటే నా గుండె జారిపోయింది. మొదటి వారం నెలలు నిండని బిడ్డలందరూ కొంత తగ్గుతారని, మళ్ళీ పుంజుకుంటారని నర్సు చెప్పింది. పన్నెండో రోజుకు మళ్ళీ 1,380 చూశాను. పేరు లేని బిడ్డకు ఒక అట్ట ఉంది, అంకె ఉంది, ఆ అంకె తగ్గితే ఆలోచించే మనిషి ఉంది. నా తమ్ముడికి లేనిది అదే.

యంత్రాలను చూసి నేను బెదిరిపోయాను గానీ, తెలుసుకున్నాక వాటి పని సాదాగానే ఉంది. తొట్టె పైనుంచి వెచ్చదనం కురిపించే వార్మరు మా అవ్వ కుంపటి, పొగ లేకుండా. కామెర్లకు పెట్టే నీలిదీపం వెనక ఒక ముచ్చట ఉంది. 1956లో ఇంగ్లండులో ఒక నర్సు కామెర్ల బిడ్డను ఎండలో తిప్పుకొస్తే, ఎండ తగిలినచోట పసుపు తగ్గి, గుడ్డ కప్పినచోట ఉండిపోవడం కనిపించింది. ఆ దీపం అందులోంచి పుట్టింది. ఊపిరికి ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి, సన్నని ఒత్తిడితో గాలి పంపుతారు. లేని జిగురు పదార్థాన్ని బయటి నుంచి ఊపిరితిత్తుల్లోకి పంపవచ్చునని 1980లో జపానులో ఫుజివారా చూపించాడు. ముందుగా కాన్పు వచ్చేలా ఉంటే తల్లికే ఇంజెక్షను ఇచ్చి బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేయవచ్చునని 1972లో న్యూజిలాండు వైద్యులు లిగిన్స్, హోవీ ప్రకటించారు. మా అమ్మాయికి ఆ ఇంజెక్షను పడింది. అది చవకైన మందు. కానీ బిడ్డ పుట్టకముందే పడాలి. అంటే తల్లి సమయానికి ఆసుపత్రికి చేరాలి. మళ్ళీ దారి దగ్గరికే వస్తున్నాం.

పదో రోజున నర్సు మా అమ్మాయిని కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, బిడ్డను ఒంటి మీద గుడ్డ లేకుండా ఆమె రొమ్ముల మధ్య పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. కంగారూ తల్లి సంరక్షణ అంటారు దీన్ని. 1978లో కొలంబియా దేశంలో, బొగోటాలో, పెట్టెలు చాలక ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టాడు. లేమిలో పుట్టిన ఉపాయం అది. దాన్ని స్థిమితపడిన బిడ్డలకే అని చాలాకాలం అనుకున్నారు. భారతదేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, 1,000 నుంచి 1,799 గ్రాముల బరువున్న బిడ్డలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టి చూశారు. మరణాలు నాలుగో వంతు తగ్గినట్టు 2021లో తేలింది. పాలు మాత్రం, నేను ఆశ్చర్యపోయాను, వెండి రంగు ఉగ్గుగిన్నెతో పోశారు. అరవంలో పాలాడై అంటారు. సీసా కంటే కడగడం తేలిక, బిడ్డకు అలుపు తక్కువ. మా అటక మీద ఉన్న గిన్నె లాంటిదే ఆసుపత్రిలో కనిపించేసరికి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం మన పత్రికకు రాసినట్టు కాదు. మా అమ్మాయి పక్క తొట్టె బిడ్డ తల్లి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన పిల్ల. తెలుగు తప్ప ఇంకేమీ రాదు. ఒక రాత్రి డాక్టరు అరవంలో చెప్పిన నాలుగు మాటలు అర్థంకాక, తన బిడ్డ పోయిందనుకుని గోడకు ఆనుకుని కూలబడింది. ఆయన చెప్పింది ఊపిరి గొట్టం తీసేశాం, ఇక తనంతట తానే ఊపిరి తీసుకుంటోంది అని. తీసేశాం అన్న మాటొక్కటే ఆమె చెవిన పడింది. మా అమ్మాయి విడమర్చి చెప్పింది. తర్వాతి రోజుల్లో కేరళ నుంచి వచ్చిన ఒక నర్సు మా అమ్మాయిని అడిగి కాగితం మీద రాసుకుంది: "పాలు పిండినావా? బిడ్డ బాగుంది. భయం లేదు." ఆ మూడు వాక్యాలూ మలయాళం యాసలో వార్డంతా చెప్పుకుంటూ తిరిగేది. ఎంత గొప్ప వైద్యమైనా తల్లి చెవికి చేరేది ఆమె భాషలోనే. సరిహద్దు ఊళ్ళలో బతికే మనకు రెండు భాషలు రావడం ఇంతకాలం ఇబ్బందిగానే చెప్పుకున్నాం. ఆ రాత్రి అది ఒక తల్లికి అక్కరకు వచ్చింది.

అంకెలు కూడా చూద్దాం. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 లెక్క ప్రకారం దేశంలో 28 మంది, తమిళనాడులో 13 మంది. మొదటి నెలలో పోయేవాళ్ళు దేశంలో 20, తమిళనాడులో 9. తమిళనాట 108 అంబులెన్సు 2008లో వచ్చింది. జబ్బుపడిన పసికందులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం అని 2011లో కేంద్రం ప్రకటించింది. వేలూరు దగ్గర అడుక్కంబారైలో 2005లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. చాలా దూరం వచ్చాం. అయినా ఆ తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో అడవి అంచు ఊళ్ళవాళ్ళు ఎందరు, రాత్రిపూట వాహనం దొరకనివాళ్ళు ఎందరు, "ఎనిమిదో నెల, నిలవదులే" అని ఇంట్లోనే ఉంచేసినవాళ్ళు ఎందరు?

ఆ మాట గురించి డాక్టరును అడిగాను. ఆయన నవ్వి, ప్రాచీన గ్రీకు వైద్యులు కూడా ఇదే రాసిపెట్టారని చెప్పాడు. నిజానికి కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఏడో నెల బిడ్డ కంటే ఎనిమిదో నెల బిడ్డ బతకడానికే ఎక్కువ అవకాశం. ఈ పత్రిక చదివేవాళ్ళు కనీసం తమ ఇళ్ళలో ఈ ఒక్క సంగతి చెప్పినా నా శ్రమ వృథా కాదు. నెలలు నిండని బిడ్డ పుడితే తడి తుడిచి, తల్లి గుండెకు ఆనించి, తల కప్పి, ముర్రుపాలు పట్టి, అలాగే ఆనించుకునే బండి ఎక్కండి. స్నానం తొందర లేదు. బొడ్డుకు ఏమీ పూయకండి.

ముప్పైఆరో రోజున 1,820 గ్రాములతో మా మనవరాలు ఇంటికి వచ్చింది. కంటి పరీక్షకు మళ్ళీ రమ్మన్నారు, పోయాం, చూపు బాగుంది. అదే బస్సు దారిలో తల్లి రొమ్ము మీద పడుకుని, కె.వి.కుప్పం దాటేదాకా నిద్రపోయింది. ఇంటి వాకిట్లో మా అమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. బిడ్డ ముఖం చాలాసేపు చూసి, "వాడూ ఇంతే ఉన్నాడు" అంది. యాభైరెండేళ్ళలో మా అమ్మ నోట వాడి మాట విన్నది అదే మొదటిసారి.

తర్వాత పుట్టుక సర్టిఫికేట్ల కోసం మునిసిపాలిటీకి పోయినప్పుడు, పాత రిజిస్టర్లలో వాడి పేరు ఉండే వీలు లేదని నాకు తెలుసు. మేము రాయించనిది అక్కడ ఎలా ఉంటుంది? కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 1966, గుడియాత్తం, మగబిడ్డ, ఎనిమిదో నెల, రెండు రాత్రులు. బరువు తెలియదు. మా అవ్వ లెక్కే సరి. మేము ఆరుగురం.